లెమ్యుయెల్ టాండీ రాసిన పేరు

మా బావగారు లెమ్యుయెల్ టాండీ చేసేది గుర్రపు జీనుల పని. మీరేం చేస్తుంటారు అని ఎవరైనా అడిగితే మాత్రం రాజకీయం అనేవారు. మార్లోస్‌బర్గ్‌లో కోర్టుకు ఎదురుగా ఆయన కొట్టు. లోపల తోలు వాసన, బయట అరుగు మీద ఎప్పుడు చూసినా నలుగురు మనుషులు. తెగిన జీను బాగు చేయించుకోవడానికి వచ్చినవాడు రెండు గంటలు ఉపన్యాసం విని, జీను అక్కడే మర్చిపోయి ఇంటికి వెళ్లిన రోజులున్నాయి.

నేను ఆయన తమ్ముడు జూబల్ భార్యను. నా పేరు కెజయా. కాపురానికి వచ్చిన మొదటి వారమే బావగారు ఎలాంటి మనిషో నాకు తెలిసిపోయింది. ఆదివారం భోజనానికి పిలిచి, కోడి కొయ్యమంటారా, పంది మాంసం వేయించమంటారా అని అడిగాను. రెండూ బాగుంటాయమ్మా అన్నారు. కోడంటే జూబల్‌కి ప్రాణం అన్నారు. పంది మాంసం ఉప్పులో ఉంది కాబట్టి నీకు పని తగ్గుతుంది అన్నారు. అరగంట మాట్లాడారు. ఆయనకేం తినాలనుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

అలాగని చెడ్డమనిషి కాదు. భార్య పెళ్లయిన రెండో ఏడే పోయింది, పిల్లల్లేరు. ఆ ఆపేక్షంతా ఊరి మీద పెట్టుకున్నారు. కౌంటీలో ఎవరి గుర్రానికి ఏ కాలు నొప్పో, ఎవరి పిల్లకు దగ్గో, ఎవరి కంచె ఎవరి పొలంలోకి జరిగిందో అన్నీ ఆయనకు కావాలి. తగువు వస్తే ఇద్దరి వైపూ మాట్లాడి, ఇద్దరి చేతా తిట్లు తిని, చివరికి ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. అది ఆయనకు బాగా చేతనయిన పని. యుద్ధం రాకపోయి ఉంటే ఆ ఒక్క పనితోనే బతుకు వెళ్లిపోయేది.

పద్దెనిమిది వందల అరవై ఒకటిలో, ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం వచ్చిన ఏడు, మేం కెంటకీ వాళ్లం ఒక వింత మాట అన్నాం. పైన ఉత్తరాది, కింద దక్షిణాది, మేం మధ్యలో. మేము ఎవరి పక్షమూ కాము, ఎవరి సైన్యమూ మా నేల మీద కాలు పెట్టకూడదు అని రాష్ట్రమే ప్రకటించింది. బావగారి సంతోషం చూడాలి! జీవితమంతా తను చెబుతూ వచ్చిన మాటను రాష్ట్రం ఇప్పటికి ఒప్పుకుందని ఆయన నమ్మకం. మా ఆయన మాత్రం గోడ మీద పిల్లి అని ఎగతాళి చేసేవాడు. గోడ మీద నిలబడ్డం ఎంత కష్టమో నీకేం తెలుసురా అని బావగారు నవ్వేవారు. ఆ నవ్వులు ఆ వేసవితో సరి.

ఆ ఆగస్టులో శాసనసభకు ఎన్నికలు. ఇప్పుడంటే కాగితం మడిచి పెట్టెలో వేసి, ఎవరికి వేశామో పెళ్లాంతో కూడా చెప్పక్కర్లేదు. అప్పట్లో మాకు ఓటంటే నోటి మాట. కోర్టు అరుగు మీద బల్ల వేసి గుమాస్తా పుస్తకం తెరుచుకుని కూర్చునేవాడు. షెరీఫు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఎవరికి అని అడిగేవాడు. ఓటరు నలుగురికీ వినబడేలా పేరు చెప్పాలి. గుమాస్తా ఆ పేరు కింద ఓటరు పేరు రాసుకుంటాడు. పోటీ చేసేవాళ్లు ఇద్దరూ అక్కడే కుర్చీల్లో కూర్చుని ఉంటారు. తన పేరు వినబడగానే లేచి, టోపీ తీసి, ఓటరును పేరుతో పిలిచి కృతజ్ఞత చెప్పాలి. అలా చెప్పనివాడికి మళ్లీ ఎవరూ వెయ్యరు. రానివాడిని పిరికివాడంటారు, గుసగుసగా చెప్పేవాడిని దొంగ అంటారు. మా వాళ్లకు అది పౌరుషం. మేము ఆడవాళ్లం బళ్లల్లో కూర్చుని, ఉడత మాంసం, మొక్కజొన్నలు వేసి కాచిన పులుసు తింటూ ఎవరెవరు ఎటు మొగ్గారో చూసేవాళ్లం.

దేశం విడిపోకూడదు, ఉత్తరాదితోనే ఉండాలనే యూనియన్ తరఫున మా బావగారు, దక్షిణాదితో కలవాలనే వాళ్ల తరఫున థాడియస్ క్రెన్‌షా నిలబడ్డారు. జూబల్ వెళ్లనన్నాడు. పొగాకు ఆకుల మీద పురుగులు ఏరుకునే రోజులవి, ఒక్క పూట వదిలితే ఆకు జల్లెడవుతుంది. అసలు కారణం అది కాదు. మా పొగాకు ఏటా నది మీద కిందికి, టెనెసీకి పోయేది. ఉత్తరాది వాళ్లు ఆ దారి మూసేశారని ఆయనకు మంట. దక్షిణాది వాళ్ల మీద ప్రేమేం లేదు, మాకు బానిసలూ లేరు. ఆయన లోకమంతా ఆ నాలుగెకరాల పొగాకే.

పొద్దున్నే బావగారు గుర్రం మీద మా పొలానికి వచ్చారు. నేను నీళ్ల కుండ పట్టుకుని అక్కడే ఉన్నాను.

"రారా జూబల్. సొంత తమ్ముడే రాలేదంటే నేను తలెత్తుకోగలనా?" అన్నారు.

"వస్తే నీకు వెయ్యను, అన్నా. క్రెన్‌షాకి వేస్తాను."

"వెయ్యరా. నా ముఖం మీదే చెప్పు. నువ్వు ఇంట్లో దాక్కుంటే అది నాకు సిగ్గు. రా, టోపీ పెట్టుకో."

జూబల్ వెళ్లాడు. కోర్టు అరుగు ఎక్కి, అన్న కళ్లలోకి చూస్తూ, క్రెన్‌షా అన్నాడు. క్రెన్‌షా లేచి టోపీ తీశాడు. పక్క కుర్చీలో బావగారు పగలబడి నవ్వి, చూశారా, మా ఇంట్లో ఎవరి నోరు వాళ్లదే అని అందరికీ చెప్పుకున్నారు. అంత గర్వంగా ఆయన్ని నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. అరవై ఓట్ల తేడాతో గెలిచారు. గుమాస్తా పుస్తకం మూసి కోర్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. దాన్ని గురించి మేమెవరం రెండో ఆలోచన చెయ్యలేదు. దేశం తగలబడుతుంటే మా ఊళ్లో ప్రతి మగవాడి మనసులో ఏముందో పేరుపేరునా రాసి భద్రంగా దాచుకున్న వెర్రివాళ్లం మేమే.

ఎవరి పక్షమూ కాదన్న మాట సెప్టెంబరు దాటి నిలవలేదు. కింది నుంచి ఒక సైన్యం, పై నుంచి ఒక సైన్యం రాష్ట్రంలోకి దిగాయి. బావగారు మా రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, శాసనసభలో యూనియన్ వైపు చెయ్యెత్తారు. ఇంటికొచ్చి, దక్షిణాది సైన్యంలో చేరిన కుర్రాళ్ల తల్లుల దగ్గర కూర్చుని వాళ్లతో పాటు ఏడ్చారు. క్రెన్‌షా తుపాకీ పట్టి కిందికి వెళ్లిపోయాడు, అతని వెంట నిజంగా పట్టుదల ఉన్నవాళ్లందరూ వెళ్లారు. రెండేళ్ల తర్వాత బావగారు మళ్లీ గెలిచారు కానీ ఈసారి అరుగు మెట్ల మీద సిపాయిలు తుపాకులతో నిలబడ్డారు. వచ్చినవాళ్లే తక్కువ. ఆయన కృతజ్ఞతలు చెబుతుంటే జనం నేల చూపులు చూశారు.

తర్వాత అడవి మూకలు మొదలయ్యాయి. ఏ సైన్యానికీ చెందని గెరిల్లాలు, పేరుకు దక్షిణాది వాళ్లు, చేసేది దోపిడీ. వాళ్లు గుర్రాలు ఎత్తుకుపోతే యూనియన్ సిపాయిలు వచ్చి ఎందుకు ఇచ్చారని మమ్మల్నే కొట్టేవాళ్లు. బావగారు ఇద్దరి మధ్యా తిరిగి కాళ్లరిగించుకున్నారు. కొన్ని పనులు సాధించారు కూడా. ఖైదులో ఉన్నవాళ్లకు దుప్పట్లు ఇప్పించారు, మిల్లు తగలబెట్టకుండా ఆపించారు. కానీ ఆయన మాట రోజురోజుకీ చిన్నదైపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

సైరస్ సంగతి కూడా చెప్పాలి. సైరస్ ఆయన బానిస, తండ్రి నుంచి వచ్చినవాడు. కొట్లో మంచి జీనులన్నీ కుట్టింది సైరసే, వాటి మీద అద్దింది బావగారి పేరు. అరవై నాలుగు వేసవిలో నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకుంటున్నారని తెలిసి సైరస్ వెళ్లిపోయాడు. దొంగతనంగా పోలేదు. పట్టపగలు సూది, దారం బల్ల మీద పెట్టి చెప్పే వెళ్లాడు. నేను నిన్ను ఏనాడైనా కష్టపెట్టానా అని బావగారు అడిగారట. ఈ కౌంటీలో నువ్వేమంటావని మీరు అడగని మనిషి లేడు, నన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు అన్నాడట సైరస్. ఆ ముక్క బావగారే నాకు చెప్పారు. నాకప్పుడు సైరస్ మీదే కోపం వచ్చింది, ఉప్పు తిన్న ఇంటికి ఇలా చేస్తాడా అనుకున్నాను. ఎవరి ఉప్పు ఎవరు తిన్నారో ఇప్పుడైతే నాకు తెలుసు.

అక్టోబరులో రేవు దారి మీద ఎవరో ఒక యూనియన్ సిపాయిని కాల్చి చంపారు. ఎవరో తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఒక సిపాయి చస్తే ఆ చుట్టుపక్కల వాళ్లను నలుగురిని కాల్చాలని పై నుంచి హుకుం ఉంది. మా ఊళ్లో ఉన్న కెప్టెన్ ఉత్తరాది నుంచి వచ్చినవాడు, అతనికి ఇక్కడ ఎవరూ తెలియరు. తెలుసుకోవడానికి కోర్టు బీరువా తెరిచాడు. అరవై ఒకటి నాటి ఓట్ల పుస్తకం తీశాడు. క్రెన్‌షా పేరు కింద ఉన్నవాళ్లలో ఇంకా ఊళ్లో మిగిలినవాళ్లెవరో చూసి తొమ్మిది మందిని ఖైదులో వేశాడు. తుపాకీ పట్టినవాళ్లంతా ఎప్పుడో పోయారు. దొరికింది పొలం వదల్లేక ఇంట్లో ఉన్నవాళ్లు. వాళ్లు చేసిందల్లా మూడేళ్ల కిందట ఒక పేరు పైకి చెప్పడమే.

అందులో మా జూబల్ ఉన్నాడు.

బావగారు కెప్టెన్ దగ్గరకు ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. నా తమ్ముడు ఎప్పుడూ తుపాకీ పట్టలేదు, ఆ రోజు నేనే బలవంతంగా తీసుకొచ్చాను, తప్పు నాది అన్నారు. కావాలంటే నన్ను నిలబెట్టండి అని కూడా అన్నారు. కెప్టెన్ నవ్వలేదు, విసుక్కోలేదు. ఈ పుస్తకంలో మీ పేరు రెండో వైపు ఉంది, మీరు నాకు పనికిరారు అన్నాడట. ముగ్గురిని ఇప్పటికే తేల్చాను, నాలుగోవాడు మీ తమ్ముడు, శాసనసభ మెంబరు తమ్ముడైనా వదలరని జనానికి తెలియాలి అన్నాడు. బావగారు ఆ గది నుంచి కదల్లేదు. చివరికి కెప్టెన్ ఒక దారి చెప్పాడు. మీ తమ్ముడు నమ్మకస్తుడని మీ చేతిరాతతో రాసి సంతకం పెట్టండి, వదిలేస్తాను. కానీ లెక్క నలుగురు. మిగిలిన అయిదుగురిలో ఎవరో అదే కాగితంలో రాయండి. రేపు పొద్దున్నకల్లా కాగితం నా బల్ల మీద ఉండాలి.

అదే రోజు మధ్యాహ్నం కాల్చేస్తారు.

ఆయన నేరుగా మా ఇంటికి వచ్చారు. నేను పెరట్లో తీపి జొన్న కాడల రసం పాకం కాస్తున్నాను. పాకం పొయ్యి మీద ఉంటే మనిషి పక్కకు కదలకూడదు, నురగ తియ్యకపోతే పొంగుతుంది, కలపకపోతే మాడుతుంది. మొగుడు ఖైదులో ఉన్నా జొన్న ఆగదు, ముగ్గురు పిల్లలకు చలికాలమంతా తీపి అదే. పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి ఒక్కదాన్నే తెడ్డు పట్టుకుని నిలబడ్డాను. ఆయన వచ్చి కట్టెల మీద కూర్చుని సంగతంతా చెప్పారు. జేబులోంచి కాగితం తీశారు. జూబల్ నమ్మకస్తుడని రాసి ఉంది, కింద సంతకం ఉంది, మధ్యలో ఒక పేరుకు జాగా వదిలి ఉంది.

"నా వల్ల కావట్లేదమ్మా. వీళ్లందరూ నాకు తెలుసు," అన్నారు.

"మీ తమ్ముడు మీకు తెలియడా?"

"తెలుసమ్మా."

"అయితే రాయండి. ఎవరో ఒకరిని రాయండి."

ఆయన ఇంకో చీటీలో రాసుకున్న అయిదు పేర్లూ చదివారు. చదివి, ఒక్కొక్కరి గురించీ చెప్పడం మొదలుపెట్టారు. మొదటివాడికి నలుగురు పిల్లలు. రెండోవాడి తల్లికి పక్షవాతం. మూడోవాడు మా పెద్దమ్మాయికి అక్షరాలు నేర్పిన పంతులు. నాలుగో ఆయనకు డెబ్బై దాటాయి, ముసలాడిని రాస్తే కెప్టెన్ ఒప్పుకోడు. ఆయన ఎప్పటిలాగే అందరి తరఫునా మాట్లాడుతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా మొగుడిని రేపు గోడకు నిలబెడతారు, ఈయన ఇక్కడ కూర్చుని కోడి కావాలో పంది కావాలో తేల్చుకోలేకపోతున్నారు అనిపించింది. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను.

ఆయన ఏడ్చారు. అరవై ఏళ్లు దగ్గర పడుతున్న మనిషి, చేతులతో ముఖం కప్పుకుని. తర్వాత కళ్లు తుడుచుకుని నెమ్మదిగా, "నువ్వు చెప్పు కెజయా. నేను రాస్తాను," అన్నారు.

అయిదోవాడు ఓరెన్. రేవు నడిపే నేథన్ స్ప్రౌల్ కొడుకు. ఇరవై ఆరేళ్లవాడు, పెళ్లి కాలేదు. నాకు మూడో కాన్పప్పుడు నది పొంగి ఉంటే, అవతలి ఒడ్డు నుంచి మంత్రసానిని పడవలో తెచ్చింది వాడే. తెచ్చి, పిల్ల ఏడుపు వినబడేదాకా మా వాకిట్లో వానలో నిలబడి వెళ్లాడు. నాకు అది గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చింది. పెళ్లాం లేదు, పిల్లల్లేరు అన్నది దానికంటే గట్టిగా గుర్తొచ్చింది.

"ఓరెన్," అన్నాను.

"పూర్తి పేరు చెప్పమ్మా," అన్నారు ఆయన, అరుగు మీద గుమాస్తా అడిగినట్టే.

"ఓరెన్ స్ప్రౌల్."

ఆయన రాశారు. నేను నురగ తీస్తూనే ఉన్నాను. ఆడదాన్ని, నాకు ఓటు లేదు. నోరు తెరిచి ఒక మగవాడి పేరు చెప్పి, ఇంకొకరి చేత రాయించింది నా జన్మలో ఆ ఒక్కసారే. ఆ పూట నాకు బాధ వేసిందని చెబితే అబద్ధం. జూబల్ బతుకుతాడన్న సంతోషం తప్ప నా ఒంట్లో ఇంకేమీ లేదు. పాకం కూడా ఆ ఏడు చక్కగా కుదిరింది.

మర్నాడు ఖైదు ముందు తొమ్మిది మందినీ వరసగా నిలబెట్టి, కెప్టెన్ ఆ కాగితం పైకి చదివించాడట. గౌరవనీయులు టాండీ గారు రాసి ఇచ్చిన దాని ప్రకారం జూబల్ టాండీ బదులు ఓరెన్ స్ప్రౌల్ అని. ఊరంతా విన్నది. నేథన్ విన్నాడు. జూబల్ విన్నాడు. నలుగురినీ రేవు దగ్గరే, ఓరెన్ పడవ కట్టే గుంజ పక్కనే కాల్చారు.

జూబల్ నడిచి ఇంటికి వచ్చాడు. పిల్లల్ని ముట్టుకోలేదు. చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, బల్ల ముందు కూర్చున్నాడు. మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు పెట్టాను. తినలేదు.

"ఓరెన్ నా పక్కనే నిలబడ్డాడు. వాడి పేరు చదివితే నా వైపు చూశాడు. అన్న రాశాడట," అన్నాడు. "నీకు తెలుసా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు," అన్నాను.

ఆ వారంలో బావగారు మా ఇంటికి వచ్చారు. జూబల్ తలుపు వేసేశాడు. ఆయన చాలాసేపు బయట నిలబడి, వెనక పొగాకు కొట్టం దగ్గరకు వస్తే నేను వెళ్లాను. వాడికి చెప్పావా అని అడిగారు. లేదన్నాను. "చెప్పకు. చేతిరాత నాదేగా. అది అలాగే ఉండనీ. మీరిద్దరూ ఒక ఇంట్లో బతకాలి," అన్నారు. ఆయన జీవితంలో అటూ ఇటూ ఊగకుండా తేల్చిన సంగతి అదొక్కటే అనుకుంటాను. నేను కాదనలేదు. హమ్మయ్య అనుకున్నాను.

యుద్ధం ముగిసిన ఏడు ఆగస్టులో ఆయన మళ్లీ శాసనసభకు నిలబడ్డారు. పిచ్చి పట్టిందా అని అడిగాను. ఎవరు వేస్తారు మీకు అన్నాను. వెయ్యకపోతే పోనీ, మనుషులను నా ముఖం మీద చెప్పనీ అన్నారు. పొద్దున్నే గడ్డం గీసుకుని, నల్ల కోటు వేసుకుని అరుగు మీద తన కుర్చీలో కూర్చున్నారు. ఒక్కొక్కడూ వచ్చి ఎదుటివాడి పేరు గట్టిగా చెప్పి, ఆయన వైపు చూసి మరీ దిగిపోయాడు. జూబల్ రాలేదు. ఆ తర్వాత ఏ ఎన్నికకూ వెళ్లలేదు.

మధ్యాహ్నం నేథన్ స్ప్రౌల్ వచ్చాడు. షెరీఫు కొంచెం తటపటాయించి, ఎవరికి అని అడిగాడు.

"లెమ్యుయెల్ టాండీ," అన్నాడు నేథన్.

గుమాస్తా తలెత్తి చూశాడు. రాసుకో అన్నాడు నేథన్. పద్ధతి ప్రకారం బావగారు లేవాలి. లేచారు. టోపీ తీశారు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. నేథన్ కదలకుండా నిలబడ్డాడు.

"చెప్పండి. అందరికీ చెబుతారుగా," అన్నాడు.

"కృతజ్ఞుణ్ణి, నేథన్," అన్నారు బావగారు.

నేథన్ మెట్లు దిగి రేవుకు వెళ్లిపోయాడు. నేను బండిలో కూర్చుని అంతా చూశాను. దిగి వెళ్లి, ఓరెన్ పేరు పలికింది నేనని చెప్పడానికి నలభై అడుగుల దూరం. దిగలేదు. ఆ రోజు బావగారికి పదకొండు ఓట్లు పడ్డాయి.

తర్వాత ఆయన ఆరేళ్లు బతికారు. కొట్టుకు ఎవరూ రాలేదు. సైరస్ యుద్ధం నుంచి బతికే వచ్చాడు, పక్క ఊళ్లో తన పేరుతో సొంత కొట్టు పెట్టుకున్నాడు. జీను కావాల్సినవాళ్లందరూ అక్కడికే వెళ్లారు. బావగారు అరుగు మీద ఒక్కరే కూర్చునేవారు. ఎవరైనా దారిన పోతే లేచి పలకరించేవారు, వాళ్లు తలాడించి పోయేవాళ్లు. జూబల్ ఆ వీధిలోకే వెళ్లేవాడు కాదు. చర్చిలో అన్న ఒక మూల, తమ్ముడు ఒక మూల కూర్చునేవారు. ఓరెన్ తల్లి మధ్యలో.

ఆఖరి ఏడు జనవరిలో బావగారికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. రోజూ నేనే పులుసు కాచి తీసుకెళ్లేదాన్ని. జూబల్ వెళ్లొద్దనలేదు, ఎలా ఉన్నాడని అడగనూ లేదు. ఒకరోజు మధ్యాహ్నం బావగారు చెంచా పక్కకు నెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి పొయ్యిలా కాలిపోతోంది.

"కెజయా, వాడికి చెప్పమ్మా ఇంక. నిజం చెబితే వస్తాడు. ఒక్కసారి చూడాలని ఉంది," అన్నారు.

ఆరేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. సరే బావగారూ, చెబుతాను అన్నాను. నిజంగానే చెబుదామనే బయలుదేరాను. మంచులో మైలున్నర నడిచాను, దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను.

జూబల్ కొట్టంలో ఎండిన పొగాకు ఆకులు కాడల నుంచి ఒలుస్తున్నాడు. మా రెండోవాడు ఏదో అన్నాడనుకుంటాను, నవ్వుతున్నాడు. ఆయన నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. నన్ను చూసి, ఏమే, ఇంత చలిలో తిరుగుతావేం, ఇలా రా, చేతులు వెచ్చజేసుకో అని తన పక్కన బల్ల మీద జాగా ఇచ్చాడు.

"మీ అన్న నిన్ను చూడాలంటున్నారు," అన్నాను.

"ఓరెన్ పేరు వాడు రాశాడు," అన్నాడు. అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆకు ఒలుస్తూనే ఉన్నాడు.

రాసింది ఆయన, చెప్పింది నేను. ఆ రెండు మాటలు నా నాలుక మీదే ఉన్నాయి. చెబితే ఆయన లేచి అన్న దగ్గరకు పరిగెత్తేవాడు. ఆ తర్వాత నా పక్కన ఇలా బల్ల మీద జాగా ఇచ్చేవాడు కాదు. నేను నా మొగుడి పక్కన కూర్చుని, చేతులు వెచ్చబడేదాకా పొగాకు ఆకులు ఒలిచాను. తర్వాత లేచి మళ్లీ ఊళ్లోకి వెళ్లాను.

బావగారు దిండు మీది నుంచి తల ఎత్తి నా వెనక ఎవరైనా వస్తున్నారా అని చూశారు.

"చెప్పాను బావగారూ," అన్నాను. "అయినా రానన్నాడు."

ఆయన నా ముఖంలోకి చూసి, తల మళ్లీ దిండు మీద వాల్చారు.

"పోనీలేమ్మా, నువ్వేం చేస్తావు," అన్నారు.

ఇంకా రెండు రోజులు ఉన్నారు. తమ్ముడి మాట మళ్లీ ఎత్తలేదు.